గాలికి పడిన కలెక్టరుగారు

ఆ రోజుల్లో మాకు భయాలకి కొదవ ఉండేది కాదు. పోస్టుమాను టెలిగ్రాం పట్టుకొస్తే భయం, ఉత్త చేతులతో వస్తే ఏం దాస్తున్నాడోనని భయం. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కూడా ఒకసారి పెరట్లోకి వెళ్ళొచ్చేవాళ్ళు. తాలూకాలు పోయి మండలాలు కొత్తగా వచ్చిన కాలం అది. ఏ ఆఫీసు ఎక్కడికి మారిందో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెడతారో తెలియక పెద్దవాళ్ళే తికమకపడుతుంటే, బి.ఏ. ప్యాసై ఏడాది తిరగని నాలాంటిదాని సంగతి చెప్పేదేముంది? ఇప్పటి పిల్లలు ఆఫీసర్ల భుజాల పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతారు. అవి చూస్తే నాకు ఈ వయసులో కూడా అరచేతులు చెమటపడతాయి. దానికి కారణం ఒక వేసవి. ఆ వేసవిలో నాకు జరిగిన అన్యాయం గురించి ఇప్పటిదాకా ఒక్కరు కూడా అయ్యో అనలేదు. కనీసం మీరైనా అంటారని రాస్తున్నాను.

మాది చాట్రాయి. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, మామిడితోటల మధ్య, తల్లీతండ్రీ లేని ఆడపిల్లల కోసం ఒక హోము ఉండేది. అందులో టీచరుగా చేరాను. టీచరంటే పేరుకే. పేలు చూడడం, జ్వరం వస్తే మందు పొయ్యడం, గేదె తప్పిపోతే వెతకడం, అన్నీ నా పనులే. హోము నడిపే ఆవిడని అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. మంచి మనిషే. కాకపోతే తప్పు ఎవరు చేసినా ముందు నా వైపు చూసే అలవాటు ఒకటి ఉండేది. పాలు విరిగినా నా వైపే, వాన రాకపోయినా నా వైపే. వంట చేసే ఆవిడ పిన్ని. పిన్ని నోటికి భయపడి కాకులు కూడా మా పెరట్లో వాలేవి కావు.

ఆ హోముకి వేసవి మొదట్లో ఇంగ్లండు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చదువు అయిపోయాక కొన్నాళ్ళు పరాయి దేశంలో, జీతం తీసుకోకుండా, ఇలాంటి పిల్లల దగ్గర పనిచెయ్యాలని ఆమె కోరికట. (మా నాన్న ఈ మాట విని, “జీతం లేకుండానా? ఇంట్లో ఏం గొడవపడి వచ్చిందో కనుక్కో” అన్నాడు.) పిల్లలు ఆమెకి సీమక్క అని పేరు పెట్టారు. సీమచింత, సీమపంది ఉన్నట్టే సీమక్క. పాపం ఆమె కూడా అదే తన పేరన్నట్టు పలికేది. హోము మొత్తానికి ఉన్న ఒక్క టేబులు ఫ్యాను నా గదిలో ఉండేది. సీమక్క దిగిన రోజు సాయంత్రం అది ఆమె గదిలోకి నడిచి వెళ్ళింది. (ఆమె వెళ్ళిపోయాక నాకు తిరిగి రాలేదు, పెద్దమ్మగారి గదిలోకి వెళ్ళింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకుంది.) ఫ్యాను తీసుకుని బదులుగా నాకొక బాధ్యత ఇచ్చారు. “అమ్మాయ్, ఆ పిల్ల నీ పూచీ. ఆమెకి ఏమన్నా అయితే ఢిల్లీ నుంచి ఫోనొస్తుంది. మనకి ఫోను లేదు గాబట్టి పోలీసులే వస్తారు” అన్నారు పెద్దమ్మగారు. ఆ మాట విన్నప్పటి నుంచి సీమక్క తుమ్మితే నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఆమెకి తెలుగు నేర్పించే పని కూడా నాదే. కానీ నాకంటే ముందే పిల్లలు మొదలుపెట్టేశారు. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా మాట్లాడుకుంటారో అదే నేర్పారు. ఒకరోజు ఊరి పంచాయతీ ప్రెసిడెంటుగారు ఇస్త్రీ పంచె కట్టుకుని హోము చూడటానికి వస్తే, సీమక్క ఎదురెళ్ళి నవ్వుతూ, “రా రా! కూర్చో! నీ పేరేంటి?” అంది. ప్రెసిడెంటుగారి మొహం పండుమిరపకాయలా అయింది. పెద్దమ్మగారు నా వైపు చూశారు. ఆయన వెళ్ళాక, “నువ్వు నేర్పే తెలుగు ఇదేనా?” అని పిల్లల ముందే నన్ను నిలబెట్టి అడిగారు. నేను నేర్పింది కాదండీ మొర్రో అన్నా వినలేదు. ఆ రోజు నుంచి సీమక్కకి నేనొక కట్టుదిట్టమైన నియమం పెట్టాను. ఎవరి గురించి మాట్లాడినా చివర గారు తగిలించాలి. వస్తారు, వెళ్తారు, ఉంటారు అనే అనాలి. ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. సీమక్క బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు పాటించింది. “గేదె గారు పాలు ఇచ్చారు” అనేది. “పిల్లి గారు గోడ దూకారు” అనేది. పిల్లలు కిందపడి దొర్లేవాళ్ళు. నేను మాత్రం దిద్దలేదు. గేదెకి మర్యాద ఎక్కువైతే ఎవరూ నన్ను తిట్టరు, ప్రెసిడెంటుకి తక్కువైతే తిడతారు. ఆ లెక్క తప్పని ఈ రోజుకీ నేనొప్పుకోను.

ఇక అసలు భయం. మండలాఫీసులో పనిచేసే ఒకాయన విస్సన్నపేట వెళ్తూ దారిలో ఆగి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెడుతూ ఒక మాట వదిలివెళ్ళాడు. “అమ్మా, మీ కట్టడం పిల్లలుండటానికి పనికొస్తదో లేదో కలెక్టరుగారు స్వయంగా వచ్చి చూస్తారంటున్నారు. పనికిరాదంటే పెద్దపిల్లల్ని బందరు హాస్టలుకీ, చిన్నపిల్లల్ని ఇంకెక్కడికో పంపుతారంట.” మా పిల్లలు పడుకునే హాలు మీద రేకులు తుప్పుపట్టి ఉన్నాయి. పంచాయతీ కొట్లో కొత్త రేకులు ఊరికే పడి ఉన్నాయని, ఇప్పించమని పెద్దమ్మగారు ఎన్నిసార్లు నన్ను పంపినా ప్రెసిడెంటుగారు, “చూద్దాంలే” అని పంపించేసేవారు. ఆ కబురు ఎలా పాకిందో పిల్లల్లోకి పాకింది. వాళ్ళలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళుండేవాళ్ళు. అక్క నా భుజం దాకా ఉండేది. చెల్లెలికి పాలపళ్ళు ఇంకా ఊడలేదు. అక్క వచ్చి, “టీచర్, మా చెల్లి కూడా పెద్దపిల్లే అని రాయించరా? పొట్టిగా ఉందంతే” అంది. వెళ్ళి ఎక్కాలు చదువుకోమన్నాను.

సరిగ్గా అప్పుడే గాలిదుమారం వచ్చింది. మామిడికాయల కాలంలో మా వైపు వచ్చే గాలిదుమారం ఎవరినీ అడిగి రాదు. చీకటిపడే వేళకి ఎర్రగా లేచి, తోటల్ని జుట్టుపట్టుకుని ఊపి, మా హాలు మీద రేకులు సగం ఎగరేసుకుపోయింది. పిల్లలందర్నీ వంటింట్లో కుక్కి, తలుపుకి వీపులు ఆనించి నిలబడ్డాం. పొద్దున్న చూస్తే ఒక రేకు బావి మీద, ఒకటి పక్కతోటలో చెట్టు మీద ఉన్నాయి. హాల్లో నిలబడి తలెత్తితే నీలంగా ఆకాశం. పెద్దమ్మగారు ఆకాశం వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

అలా చూస్తుండగానే గేటు దగ్గర నుంచి సీమక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. “టీచర్ గారూ! కలెక్టరు గారు రేపు పొద్దున వస్తారు!”

నేను ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాను. “ఎవరు చెప్పారు?”

“గేటు దగ్గర మనిషి గారు చెప్పారు. వెళ్ళిపోయారు.”

పెద్దమ్మగారు స్తంభం పట్టుకుని కూర్చుండిపోయారు. “ఎంతమంది వస్తారంట? అడుగు, అడుగు” అన్నారు నాతో, సీమక్క ఎదురుగానే ఉన్నా.

“చాలా మంది” అంది సీమక్క చేతులు బార్లా చాపి. “గాలికి కింద పడ్డారు. దెబ్బ తగిలింది. అయినా వస్తారు.”

“జీపు బోల్తా పడిందేమోనమ్మా” అంది పిన్ని చెంగు నోటికి అడ్డంపెట్టుకుని. “దెబ్బలు తగిలినా ఆగట్లేదంటే ఎంత కోపమ్మీదున్నాడో మహానుభావుడు!”

“చూసి వెంటనే వెళ్ళిపోతారా?” అడిగారు పెద్దమ్మగారు ఆశగా.

“వెళ్ళరు. ఇక్కడే ఉంటారు. గడ్డి మీద పడుకుంటారు.”

పిన్ని, “సాదాసీదా మనిషై ఉంటాడు లెండి” అంది, కానీ ఆమె గొంతులో కూడా ధైర్యం లేదు. పైకప్పు లేని హాల్లో కలెక్టరుగారు గడ్డి పరుచుకుని, పడుకుని, నక్షత్రాలు చూస్తూ మా హోము మూసెయ్యమని రాయడం నా కళ్ళకి కట్టింది. నా వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఆ చెల్లెలు. ఏడవట్లేదు. పట్టుకుంది, అంతే.

నన్ను ప్రెసిడెంటుగారింటికి తరిమారు. ఎండలో తోటల్లోంచి అడ్డంగా పడి పరిగెత్తాను. చెప్పు తెగింది. (ఎవరూ కొనివ్వలేదు.) ఆయన నవారు మంచం మీద పడుకుని పేపరు చదువుతున్నారు. పేపరు దించకుండానే, “మళ్ళీ రేకులేనా?” అన్నారు.

“కాదండీ. కలెక్టరుగారు రేపు పొద్దున వస్తున్నారండీ.”

పేపరు దిగింది. “ఎవరు చెప్పారు?”

“మా ఇంగ్లండు అమ్మాయికి కబురొచ్చిందండీ.”

ఆయన లేచి కూర్చున్నారు. “అవున్లే, ఆయన ఇంగ్లీషులో మాట్లాడతారు, ఆమెదీ ఇంగ్లీషే. వాళ్ళకీ వాళ్ళకీ కబుర్లుంటాయి” అని తనలో తనే సమాధానపడి, ఒక్కసారిగా ఇంట్లోకి కేక పెట్టారు. “ఏమేవ్, ఇస్త్రీ పంచె తియ్! ఒరేయ్ ఎవరక్కడ, బండి కట్టండి!”

రేకుల కోసం నేను తిరిగిన తిరుగుడంతా ఒక ఎత్తు, ఆ మధ్యాహ్నం ఒక ఎత్తు. ఎడ్లబండ్ల మీద కొత్త రేకులు దిగాయి. కాయకోతకి చెట్లెక్కే మనుషులందర్నీ పనులు మానిపించి మా కప్పు ఎక్కించారు. చిటారుకొమ్మల మీద నిలబడి కాయలు తెంపేవాళ్ళకి మా హాలు ఒక లెక్కా? పొద్దువాలేసరికి కప్పు మీద మేకు దిగనిచోటు లేదు. వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి పేడనీళ్ళు చల్లి, సున్నం కొట్టారు. పని మధ్యలో ఒక ఆవిడ, “కలెక్టరుకి మా వీధి పంపు సంగతి కూడా చెప్పమ్మా” అని నా చెవిలో వేసింది. సీమక్క మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మాలకి పసుపు రాస్తూ, పిల్లలతో కలిసి స్వాగతం పాట నేర్చుకుంది. ఇన్ని కంగారుల్లో ఆమె ఒక్కతే సంతోషంగా ఉంది. ఆమెకి భయం తెలియదు, పరాయి దేశం మనిషి, మూసేసినా విమానమెక్కి వెళ్ళిపోతుంది అనుకుని లోపల్లోపల మండిపడ్డాను.

తెల్లారింది. సీమక్కకి నా పెళ్ళిళ్ళ చీర కట్టాను. (జరీ అంచు దగ్గర చిరిగి తిరిగొచ్చింది.) పిల్లలు నూనె రాసిన తలలతో రెండు వరసల్లో నిలబడ్డారు. ప్రెసిడెంటుగారు చేతిలో బంతిపూల దండతో, ఎండకి కళ్ళు చికిలించి రోడ్డు వైపు చూస్తున్నారు. నమస్కారమండీ అనే మాటని మనసులో పదేపదే అనుకుంటుంటే అది కూడా అర్థం లేని శబ్దంలా తయారైంది. దూరంగా దుమ్ము లేచింది. “వస్తున్నారు, వస్తున్నారు” అని గుసగుస. పెద్దమ్మగారు సైగ చేశారు. పిల్లలు పాట ఎత్తుకున్నారు.

దుమ్ములోంచి ట్రాక్టరు వచ్చింది. గేటులో ఆగింది. తోలుతున్నది పక్కతోట కాపలాదారు. ఎదురుగా పాట, దండ, పంచె, జరీ చీర చూసి దిగాలో వద్దో తెలియక స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ట్రక్కు నిండా పచ్చటి కాయలు.

సీమక్క ఆనందం పట్టలేక ముందుకు పరిగెత్తింది. రెండు చేతులా ఒక కాయని ఎత్తి పట్టుకుని, “కలెక్టరు గారు వచ్చారు!” అని కేక పెట్టింది.

(మా ప్రాంతం కానివాళ్ళ కోసం చెబుతున్నాను. రసాలు, బంగినపల్లి ఉన్నట్టే మా తోటల్లో కలెక్టరు అని ఒక మామిడి రకం ఉంది. పొడుగ్గా ఉంటుంది, కింద చిలకముక్కులా వంపు తిరిగి ఉంటుంది. పచ్చిగానే ఉప్పూకారం అద్దుకుని తింటే పుల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది.)

పాట ఒక్కొక్క గొంతుగా ఆగిపోయింది. కాపలాదారు భయం భయంగా దిగి, “అదేంటండీ, నిన్ననే చెప్పాను గదా ఈ అమ్మగారికి. గాలికి కలెక్టర్లన్నీ పడిపోయినయ్యి, దెబ్బలు తగిలినయ్యి అమ్ముడుపోవు, పిల్లలకి పంపమన్నారు మా ఆసామి, రేపు పొద్దున్నే వస్తయ్యి, గడ్డేసి ఉంచమన్నాను. ఏం తప్పు చేశానండీ?” అన్నాడు.

ఆయన వస్తయ్యి అన్నాడు. సీమక్క నేను నేర్పిన నియమం ప్రకారం వస్తారు అంది. అంతే జరిగింది. ఆ రకం కాయ తిని పెరిగినవాళ్ళం అంతమంది ఉండి, గారు అనే ఒక్క మాట వినపడగానే కాయ సంగతే మర్చిపోయాం. కాయకి గారు తగిలించేవాళ్ళు ఈ భూమి మీద ఉంటారని ఎవరనుకుంటారు? సీమక్కని తర్వాత అడిగితే, “మీ ఊళ్ళో మామిడికాయ గారికి ఇంత మర్యాద చేస్తారు, ఎంత మంచి పద్ధతి అనుకున్నాను” అంది. ఇల్లంతా సున్నం కొట్టి పాట పాడేది కాయల కోసమేనని ఆమె నమ్మింది. 

పెద్దమ్మగారు ఎవరి వైపు చూశారో మీకు చెప్పక్కర్లేదు.

ప్రెసిడెంటుగారు దండని ట్రాక్టరు బానెట్ మీదకి విసిరికొట్టారు. “నన్ను వెర్రివాణ్ణి చేస్తారా? ఊరంతటి ముందు మామిడికాయలకి దండ పట్టుకుని నిలబెడతారా? నిచ్చెనెయ్యండ్రా! రేకులన్నీ దింపండి, బండికెక్కించండి!”

కోతమనుషులు తలలొంచుకుని నిచ్చెన తెచ్చారు. పెద్దమ్మగారు, “బాబూ, పిల్లలండీ…” అని చేతులు జోడించారు. వరసలో ఆ అక్క చెల్లెల్ని దగ్గరికి లాక్కుని కప్పు వైపు చూస్తోంది. మొదటి మేకు పీకిన చప్పుడు వినిపించింది. అప్పుడు నాకేమైందో ఇప్పటికీ చెప్పలేను. ధైర్యం మాత్రం కాదు. బహుశా రేకుల కోసం ఆయన నన్ను తిప్పిన తిప్పలన్నీ, తెగిన చెప్పుతో సహా, ఒక్కసారి గొంతులోకి వచ్చి ఉంటాయి.

“దింపండి ప్రెసిడెంటుగారూ” అన్నాను. గొంతు పిల్లి గారి గొంతులా వచ్చింది. “కానీ ఒక్కమాటండీ. కలెక్టరుగారు ఈ రోజు రాలేదు గానీ, అసలు రారని ఎవరూ చెప్పలేదండీ. మండలాఫీసు నుంచి కబురు నిజంగానే వచ్చింది. ఆయనొచ్చి, ఈ మేకుల కన్నాలేంటి, కొత్త రేకులు వేసి ఎవరు పీకించారు అని అడిగితే, ఎవరి పేరు చెప్పమంటారండీ?”

ప్రెసిడెంటుగారు నన్ను చూశారు, కప్పుని చూశారు, రోడ్డుని చూశారు. ఆయన మెడ మీద చెమట పైపంచలోకి కారడం నాకు కనిపించింది. నా భయం మొత్తం నడిచివెళ్ళి ఆయనలో కూర్చున్నట్టు అనిపించింది. “ఆ మేకు మళ్ళీ కొట్టండ్రా” అని మాత్రం అని, వెళ్ళిపోతూ ట్రక్కులోంచి రెండు కాయలు తీసుకుని మరీ వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం పిల్లలు ఉప్పూకారం అద్దుకుని కలెక్టరుగారిని కరకరా నమిలేశారు. అందరూ నవ్వారు. పెద్దమ్మగారు కూడా నవ్వి, “అయినా అమ్మాయ్, కాయకి గారు నేర్పడమేంటి నువ్వు?” అన్నారు. రేకులు ఎవరి మాట మీద నిలిచాయో ఒక్కరూ ఎత్తలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు. గుర్తుచేసి చెప్పించుకుంటే అదేం మెప్పు? కానీ ఎవరెవరు ఆ పూట నా పక్కన కూర్చుని ఏమేం మాట్లాడి, ఆ ఒక్కమాట మాత్రం మాట్లాడలేదో వరసగా చెప్పగలను.

తొలకరి పడ్డాక ఒకరోజు, ముందు కబురేమీ లేకుండా జీపు వచ్చింది. కలెక్టరుగారు కాదు, ఆయన పంపిన ఒక ఆఫీసరు. జోరున వాన. గొడుగు లేక తడిసిపోయి, పరుగున మా హాల్లోకి వచ్చారు. పిల్లలందరూ చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని తలెత్తి కప్పు చూశారు. వాన రేకుల మీద దబదబా బాదుతోంది. ఆయన చేయి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకి నెమ్మదిగా నడిచారు. నా కళ్ళు ఆ అరచేతి మీదే ఉన్నాయి. చుక్క పడలేదు. “బాగుందండీ. పిల్లల్ని ఎక్కడికీ పంపక్కర్లేదు” అన్నారు పెద్దమ్మగారితో. ఎప్పుడొచ్చారో ప్రెసిడెంటుగారు గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి, “మేమే దగ్గరుండి వేయించామండీ” అన్నారు. ఆఫీసరుగారు ఆయనతో చేయి కలిపారు. నాతో కాదు.

జీపు వెళ్ళిపోయింది. పెద్దమ్మగారు దేవుడి గదిలోకి వెళ్ళారు. సీమక్క పిల్లల్ని పట్టుకుని గిరగిరా తిరుగుతోంది. ఆ అక్క నా దగ్గరికొచ్చి, “అంటే మేమిద్దరం ఇక్కడేనా టీచర్?” అంది. “ఇక్కడే” అన్నాను. ఆ ఒక్కమాట అన్నానో లేదో, ఎక్కడ దాక్కుందో అంత ఏడుపు, ఒక్కసారిగా వచ్చేసింది. గాలిదుమారానికి ఏడవలేదు, ప్రెసిడెంటు ముందు ఏడవలేదు. అన్నీ చక్కబడ్డాక, హాలు మధ్యలో చాప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. పిల్లలు చుట్టూ మూగారు. పిన్ని గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి, “అంతా అయిపోయాక ఇప్పుడెందుకే ఏడుస్తావు, పిచ్చిదానా!” అని కసిరింది. పాలపళ్ళ చెల్లెలు తన గౌను అంచుతో నా మొహం తుడిచింది. ఆ గౌనంతా పొద్దున తిన్న మామిడిముక్కల ఉప్పూకారం. కళ్ళు భగభగా మండి ఇంకాసేపు ఏడవాల్సి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల పక్కన కూర్చుని, ఏడువమ్మా, నీకు ఏడ్చే హక్కుంది అని చెప్పాలనిపిస్తుంది. ఆ రోజు ఆ మాట అన్నవాళ్ళెవరూ లేరు మరి.